మనసు జబ్బుకు గొలుసు కాదు, మందు కావాలి

ఇంట్లో ఒకరికి షుగరు వస్తే పదిమందికీ చెప్పుకుంటాం. అదే కొడుకు రాత్రంతా నిద్రపోక తనలో తాను మాట్లాడుకుంటుంటే తలుపులు మూసేస్తాం. "గాలి సోకింది" అంటాం. మన జంగమకోటె చుట్టుపక్కల కూడా ఈ మాట వింటూనే ఉన్నాం.

పిచ్చికి మందు లేదనుకునేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. మానసిక ఆసుపత్రులలో మొదట్లో వాడిన మందులలో ఒకటి మన దేశపు వేరు నుంచి వచ్చిందే. అదే సర్పగంధ. యునానీలో అస్రోల్ అంటారు. దీన్ని మిరియాలతో కలిపి చేసేదే 'దవా ఉష్ షిఫా'.

1931లో ఢిల్లీ తిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దీఖీ ఈ వేరు నుంచి కొన్ని సారాలు తీసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేరిట 'అజ్మలీన్' అని పేరుపెట్టారు. అదే ఏడాది గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్‌లు ఇది పిచ్చికీ, రక్తపోటుకూ పనిచేస్తుందని రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు దీని నుంచి రిసర్పిన్ తీశారు. 1954లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ ఆసుపత్రి డాక్టరు నేథన్ క్లైన్, దీనితో రోగుల ఉద్రేకం తగ్గుతోందని ప్రకటించారు.

అయితే గొప్ప చెప్పుకొని ఆగితే చాలదు. రిసర్పిన్ మెదడులో సందేశాలు మోసే రసాయనాల నిల్వలను ఖాళీ చేస్తుంది. అందుకే ఉద్రేకం తగ్గుతుంది. అందుకే కొందరిలో బీపీ పడిపోయింది, చేతులు వణికాయి, దిగులు కమ్ముకుంది. 1952లోనే పారిస్‌లో మొదలైన క్లోర్‌ప్రోమజిన్, తర్వాత వచ్చిన మందులు దాని స్థానం తీసుకున్నాయి. కనుక దిగులుతో ఉన్నవారికి, బీపీ మాత్రలు వాడేవారికి సొంతంగా అస్రోల్ ఇవ్వకండి. అర్హతగల హకీమును అడగండి. ఆసుపత్రి మాత్రలను డాక్టరు చెప్పనిదే ఆపకండి.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు రేగినప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది మానసిక రోగులు పారిపోలేక మరణించారు. వారిని తెచ్చి వదిలినవారూ మనలాంటి కుటుంబాలవారే. 2017 నాటి చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది.

బస్సెక్కితే బెంగళూరు నిమ్హాన్స్ మనకు దూరం కాదు. ఇంటి నుంచే మాట్లాడాలంటే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. దుఆ చేయండి, దవా మాత్రం మానకండి. బిడ్డను దాచకండి. జబ్బు సిగ్గుపడాల్సింది కాదు, వైద్యం చేయించాల్సింది.