‘అంతర్గత వ్యవహారం’ అనే గోడ



గాంధీ కథలో పక్కపాత్రగా మాత్రమే మనం చదువుకున్న జనరల్ స్మట్స్‌ను ఈసారి మన వైపు నుంచి చదువుదాం. ప్రపంచం అతన్ని శాంతి శిల్పి అంది. అతని పాలన కింద బతికినవాళ్లను ఎవరూ అడగలేదు.

1902లో బోయర్లకూ బ్రిటిష్ వాళ్లకూ కుదిరిన సంధిలో అతని చెయ్యుంది. అందులో ఎనిమిదో షరతు ప్రకారం, నల్లవాళ్ల ఓటు సంగతి స్వపరిపాలన వచ్చాకే తేలుతుంది. అంటే తేల్చేది తెల్లవాళ్లే. నల్లవాళ్ల నేల మీద ఇద్దరు తెల్లవాళ్లు రాజీపడ్డారు. దాని పేరు శాంతి.

1919లో పారిస్ శాంతి సభ, నానాజాతి సమితి. అక్కడ పెద్ద పేరు. 1921 మే 24న బుల్‌హోక్‌లో, నేల ఖాళీ చేయం అన్న నల్లజాతి క్రైస్తవ భక్తులను అతని ప్రభుత్వ పోలీసులు 160 మందికి పైగా కాల్చి చంపారు.

1945లో ఐక్యరాజ్యసమితి చార్టర్ పీఠికకు తొలి ముసాయిదా అతనిదే. ‘మౌలిక మానవ హక్కులు’ అన్న మాట అందులో ఉంది. మరుసటి ఏడాదే నాటాల్, ట్రాన్స్‌వాల్‌లలో భారతీయులు ఎక్కడ భూమి కొనొచ్చో, ఎక్కడ కాపురముండొచ్చో గీత గీస్తూ చట్టం తెచ్చాడు. చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా ఓడెక్కిన తెలుగువాళ్ల బిడ్డలూ ఆ గీతకు అవతలే. వెలివాడలో పుట్టిన మనకు ఆ గీత కొత్తదా?

దీన్ని ద్వంద్వనీతి అని వదిలేయకండి. అతని లెక్కలో వైరుధ్యమే లేదు. ‘మానవ’ అన్న మాటలోకి ఎవరొస్తారో ముందే తేలిపోయింది.

భారత్ ఫిర్యాదు చేస్తే, ఇది మా అంతర్గత వ్యవహారం అన్నాడు స్మట్స్. 1946 డిసెంబరులో సర్వప్రతినిధి సభ ఆ వాదాన్ని మూడింట రెండొంతుల ఓట్లతో తోసేసింది. మనవాళ్లు చప్పట్లు కొట్టారు.

మరి ఇంట్లో? షెడ్యూల్డ్ కులాల దుస్థితిపై ఐక్యరాజ్యసమితికి నివేదిక సిద్ధం చేసి కూడా, రాజ్యాంగ సభకూ రాబోయే పార్లమెంటుకూ ఒక అవకాశం ఇద్దామని ఆగానని బాబాసాహెబ్ 1951 రాజీనామా ప్రకటనలో చెప్పారు. యాభై ఏళ్లకు, 2001లో, అదే దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగింది. కులం మాట అక్కడికి రాకూడదని అడ్డుపడింది భారత ప్రభుత్వమే. వాదన కూడా పాతదే: కులం మా అంతర్గత వ్యవహారం. స్మట్స్ కట్టిన గోడకు మన పాలకులు సున్నం కొట్టారు.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. ఏ శాంతిదూత గురించి చదివినా, అతను ఎన్ని సంధులు చేశాడో తర్వాత లెక్కపెట్టండి. ఆ సంధి బల్ల దగ్గర ఎవరికి కుర్చీ వేయలేదో ముందు అడగండి.

జై భీమ్.