పిడుదులకు కిరసనాయిలు మందు కాదు

సంపాదకులకు,

కుక్కకు పట్టిన పిడుదులకు కిరసనాయిలు రాయమని గత వారం మీ పత్రికలో ఒకరు రాశారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. అది చర్మాన్ని కాలుస్తుంది. కుక్క నాకితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

మాది పెదలబుడు దగ్గర పల్లె. మేకల వెంట కొండెక్కిన కుక్క సాయంత్రానికి చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులతో దిగుతుంది. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిన్నగా లాగి స్పిరిట్ సీసాలో వేస్తాను. చేత్తో నలపకూడదు. అయినా ఒంటి మీద కనిపించేవి కొన్నే. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందికి రాలి, గోడ పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అందుకే కుక్క పడుకునే అరుగు పగుళ్లు పూడ్చాలి, దాని గోనెపట్టా మరిగే నీళ్లలో ఉతకాలి.

కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి విషం. పిల్లి కాలేయం ఆ మందును అరిగించుకోలేదు. ఒక దుకాణంలో రెంటికీ ఒకటేనంటే నమ్మి రాశాను. మా పిల్లి వణికి వణికి ఆ రాత్రే పోయింది. ఆ బాధ నన్నింకా వదల్లేదు. మందేదైనా, మోతాదెంతైనా పశువైద్యుణ్ణి అడిగే వాడండి.

స్క్రబ్ టైఫస్ జ్వరాన్ని కుక్కలకు, వాటి పిడుదులకు అంటగట్టడమూ అన్యాయమే. అది పొదల్లో, గడ్డిలో ఉండే సన్నటి నల్లి పిల్లలు కుడితే వస్తుంది. కుట్టినచోట చాలామందికి నల్లటి పెచ్చు కడుతుంది. ఏజెన్సీలో జ్వరమొస్తే మలేరియా పరీక్షతో ఆగకుండా, చంకల్లో, గజ్జల్లో ఆ పెచ్చు కోసం చూడండి. సకాలంలో డాక్సీసైక్లిన్ పడితే తగ్గే జబ్బది.

— ఒక పాఠకురాలు, అరకు లోయ