కూడలి బొమ్మ

కారులో దారి చూపే జీపీఎస్ పరికరాలలో, హైవే ఎగ్జిట్ దగ్గరపడగానే తెర మీద ఒక బొమ్మ ప్రత్యక్షమవుతుంది. చీలిపోయే దారులు, వాటి పైన ఆకుపచ్చ బోర్డులు, మనం పోవలసిన వరుస మీద ఒక బాణం. అది ఉబలాటానికి పెట్టిన అలంకారమే తప్ప ప్రయోజనం శూన్యమని మొన్న ఒక మిత్రులు వాదించారు. గొంతు చెబుతుండగా బొమ్మ దేనికని వారి ప్రశ్న. నేను ఒప్పుకోలేకపోయాను.

కారణం ఒక రాత్రి. న్యూవార్క్ విమానాశ్రయంలో అమ్మను ఎక్కించుకుని న్యూజెర్సీ టర్న్‌పైక్ మీద ఎడిసన్‌కు వస్తున్నాను. వాన. పదో నంబరు ఎగ్జిట్ తీసుకున్నాక దారి ఒకటిగా ఉండదు. 287కు ఒక పాయ, 440కి ఒకటి, 514కు ఒకటి. నా పాత పరికరం ఎడమ పక్కగా ఉండమన్నది. ఏ ఎడమ? మూడు పాయలున్నచోట నడిమిది కూడా ఒకదానికి ఎడమే కదా! తేల్చుకునేలోగా తప్పు పాయలో ఉన్నాను. తెల్లచారల మీదుగా కారును అడ్డంగా తిప్పేశాను. వెనుక వస్తున్న లారీ హారన్ ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. నిద్రలో ఉన్న అమ్మ ఉలిక్కిపడి లేచి, "ఏమైందిరా?" అన్నది. "ఏం లేదమ్మా, పడుకో" అన్నాను.

గంటకు అరవై మైళ్ళ వేగమంటే సెకనుకు 88 అడుగులు. మూడు సెకన్ల వాక్యం విని అర్థం చేసుకునేలోగా 264 అడుగులు గడిచిపోతాయి. మాట ఒకదాని వెనుక ఒకటిగా చెవికి చేరవలసిందే. కన్ను ఒక్క చూపులో గ్రహిస్తుంది. పైగా బొమ్మలోని బోర్డును ఎదుట ఉన్న బోర్డుతో పోల్చుకోవచ్చు. గొంతును దేనితో పోల్చుకుంటాం?

ఉపగ్రహం మన వరుసను కూడా చూస్తున్నదని చాలామంది భ్రమ. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం తాను కావాలని కలుపుతూ వచ్చిన దోషాన్ని తొలగించింది. అయినా మామూలు రిసీవరు కొన్ని మీటర్లు తప్పుతూనే ఉంటుంది. హైవే మీద వరుస వెడల్పు 12 అడుగులు, అంటే నాలుగు మీటర్లైనా లేదు. కనుక మనం ఏ వరుసలో ఉన్నామో సాధారణంగా ఆ పరికరానికి తెలియదు. ఏ వరుసలో ఉండాలో మాత్రం పటంలో ముందే రాసిపెట్టి ఉన్నది. ఆ రెంటినీ కలిపే పని మన కంటిది. బొమ్మ అందుకే కావాలి.

లోపాలు లేవనను. పటం పాతబడితే బొమ్మ అబద్ధమాడుతుంది. మసాచుసెట్స్ 2020-21లో ఎగ్జిట్ నంబర్లను మైళ్ళ లెక్కకు మార్చింది. కొత్త పటం ఎక్కించని పరికరం అక్కడ పాత నంబరే చూపుతుంది. కొన్నిటిలో బొమ్మ మరీ ఆలస్యంగా వస్తుంది. అరమైలు ముందుగానైనా రాని బొమ్మను మా మిత్రులు ఎంత తిట్టినా నాకు అభ్యంతరం లేదు.

అమ్మ రెండోసారి వచ్చినప్పుడు ముందు సీటులో కూర్చున్నది. ఆమెకు ఇంగ్లీషు రాదు. అదే పదో నంబరు దగ్గర తెర వంక చూసి, తలెత్తి బోర్డు వంక చూసి, "నడిమి దాంట్లోకి కాదురా, ఆ చివరిదాంట్లోకి పో" అన్నది.