అర్థి – అభ్యర్థి – ఉద్యోగి

ఉద్యోగాన్ని ఆశించే ప్రతివారినీ లోకం 'అభ్యర్థి' అనే ఒక్క మాటతోనే పిలుస్తుంది. కాని ఆశ కలిగిన నాటి నుండి కొలువులో చేరే నాటి వరకు మనిషి పలు దశలు దాటవలసి ఉంటుంది. అర్థి అనగా కోరేవాడు. పని కోసం వెదికేవారు ఉద్యోగార్థులు. ప్రకటన చూసి దరఖాస్తు పంపినవారు దరఖాస్తుదారులు. అర్హతలు సరిపోయి పరీక్షకు నిలిచినవారు అభ్యర్థులు. వారిలో కొందరు ఎంపిక జాబితాకెక్కుతారు. నియామక పత్రం అందుకొని విధులలో చేరినవారే ఉద్యోగులు. ఈ భేదం కేవలం మాటల పట్టింపు కాదు. ఏ దశలో ఎవరికి ఏ హక్కు ఉన్నదో తెలిపే కొలబద్ద.

పాలమూరు వలసల చరిత్రే ఇందుకు నిదర్శనం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల కూలీలను గుంపు మేస్త్రీలు అడ్వాన్సు ఇచ్చి కుదుర్చుకునేవారు. కరవునాడు చేతిలో పడిన ఆ సొమ్మే దరఖాస్తు, ఎంపిక, నియామకం కూడా. కూలి ఎంతో, పని ఎక్కడో విచారించి కాదనే వ్యవధి కూలీకి ఉండేది కాదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరుకు లైసెన్సును, కార్మికునికి పాసుపుస్తకాన్ని విధించింది. నోటిమాటపై సాగే నియామకానికి అది లిఖిత ఆధారం కల్పించింది.

2016లో ఆ మూడు పట్టణాలు జిల్లా కేంద్రాలైనాయి. నాటి కూలీకి దశలే లేవు. నేటి యువతలో పలువురికి దశలున్నా వాటి భేదం తెలియదు. 2024 గ్రూప్-1 ప్రకటనలోని 563 పోస్టులకు నాలుగు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ప్రధాన పరీక్షకు అర్హులైనవారు సుమారు 31 వేలు. 2025 మార్చిలో ర్యాంకులు వెలువడినా, న్యాయ వివాదాల నడుమ నియామక పత్రాలు సెప్టెంబరులో గాని అందలేదు. ర్యాంకు చూసిన నాడే అప్పు చేసి విందు చేసేవారు, దళారి మాట నమ్మి పొలం అమ్ముకునేవారు ఈ వ్యవధిని గుర్తించరు.

ఎంపిక జాబితాలో పేరున్నంత మాత్రాన నియామకం హక్కు కాబోదని 1991లో శంకర్‌సన్ దాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ప్రభుత్వం ఇష్టానుసారంగా నిరాకరించరాదని కూడా స్పష్టం చేసింది. మొదటి మాట యువత గుర్తుంచుకోవలసినది. రెండవది నియామక సంస్థలు మరువరానిది. ఎవరు ఏ దశలో ఉన్నారో, తరువాతి దశ ఎప్పుడో సకాలంలో తెలపడం దయ కాదు, బాధ్యత. ఆ బాధ్యత నెరవేరిన చోట దళారికి చోటుండదు. ఏళ్ళ తరబడి నిరీక్షించే యువతకు తన కాలాన్ని తానే నిర్ణయించుకునే అవకాశం దక్కుతుంది.