ఆ గొట్టాన్ని కడిగేదెవరు?

ఢిల్లీలో కడుపు జబ్బుల వైద్యానికి కొదవ లేదు. అన్సారీ నగర్‌లో ఎయిమ్స్, ఢిల్లీ గేట్ దగ్గర జి.బి. పంత్, రాజీందర్ నగర్‌లో సర్ గంగారామ్, వసంత్ కుంజ్‌లో కాలేయ వ్యాధుల కోసమే వెలసిన ఐఎల్‌బీఎస్, గుర్గావ్‌లో మేదాంత. ఇవి కాక నోయిడా, ఘజియాబాద్ దాకా ఎండోస్కోపీ చేస్తామనే చిన్నా పెద్దా క్లినిక్‌లు. బిహార్ నుంచో, తూర్పు ఉత్తరప్రదేశ్ నుంచో రాత్రంతా రైల్లో ప్రయాణించి వచ్చే రోగి క్లినిక్ బోర్డు మీద చూసేది డాక్టరు పేరు, దాని పక్కనున్న డిగ్రీలు. తన గొంతులోకి దించబోయే గొట్టాన్ని అంతకు ముందు రోగి కడుపులోంచి తీశాక ఎవరు కడిగారు, ఎంతసేపు కడిగారు అన్నది ఏ బోర్డు మీదా ఉండదు. అడగాలని రోగికి తోచదు కూడా.

కడిగేది అసిస్టెంటు. కొన్నిచోట్ల టెక్నీషియన్ అంటారు, కొన్నిచోట్ల నర్సే ఆ పని చేస్తుంది, చాలాచోట్ల రోగులకు అతను ఉత్త 'భయ్యా'. రోగికి మొదట ఎదురయ్యేదీ, చివర సాగనంపేదీ వీళ్లే. పొద్దున్న ఏం తిన్నారని అడిగితే, 'ఏమీ తినలేదు, చాయ్ తాగానంతే' అంటాడు రోగి. పాలు పోసిన చాయ్ కడుపులో ఉండగా మత్తు ఇస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని, పరీక్ష వాయిదా వేయక తప్పదని కస్సుమనే బంధువులకు నచ్చజెప్పాల్సింది వీళ్లే. పెద్దపేగు పరీక్ష అయితే ఈ బాధ్యత మరీ ఎక్కువ. విరేచనం మందు కలిపిన నీళ్లు ముందు రోజు లీటర్ల లెక్కన ఎందుకు తాగాలో విడమరిచి చెప్పకపోతే, రోగి సగం తాగి సగం పారబోస్తాడు. శుభ్రపడని పేగులో చిన్న పాలిప్ డాక్టరు కంట పడదు. అలా తప్పించుకున్న పాలిప్ కొన్నేళ్లకు క్యాన్సర్‌గా తేలవచ్చు.

బల్ల మీదకు ఎక్కించాక మరో తరహా పని. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో మౌత్‌గార్డ్ బిగించాలి, గొంతు మొద్దుబారే స్ప్రే కొట్టాలి, కడుపులో తిప్పుతుంటే తల కదలకుండా పట్టుకుని ధైర్యం చెబుతుండాలి. డాక్టరు 'ఓపెన్' అంటే ఫోర్సెప్స్ తెరవాలి, 'క్లోజ్' అంటే మూయాలి. అలా వచ్చిన మిల్లీమీటర్ల ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి పేరు రాయాలి. ఆ చీటీ తారుమారైతే ఒకరి క్యాన్సర్ ఇంకొకరి రిపోర్టులో తేలుతుంది.

అయితే అన్నిటికన్నా బరువైన పని రోగి వెళ్లిపోయాకే మొదలవుతుంది. ఎండోస్కోపును సర్జరీ కత్తుల్లా ఆవిరిలో ఉడికించడానికి లేదు. లక్షల ఖరీదు చేసే ఆ పరికరం అంత వేడికి పాడైపోతుంది. కాబట్టి మిగిలింది చేతులు, బ్రష్షు, రసాయనం. గొట్టాన్ని బయటికి తీసిన వెంటనే తుడిచి, లోపలి నుంచి డిటర్జెంట్ నీళ్లు పీల్చాలి. ఎక్కడైనా చిల్లు పడిందేమో పరీక్షించాలి. ఫోర్సెప్స్ దూరే లోపలి సన్నని దారి వెడల్పు మామూలు గ్యాస్ట్రోస్కోపులో 2.8 మిల్లీమీటర్లు. దానిలో ఈ చివరి నుంచి ఆ చివరికి బ్రష్షు దూర్చి తోమాలి. ఆ తర్వాతే క్రిమిసంహారక ద్రావణం. 2 శాతం గ్లూటరాల్డిహైడ్ అయితే సాధారణంగా 20 నిమిషాలు ముంచి ఉంచాలి. మళ్లీ శుభ్రమైన నీటితో కడిగి, గాలితో ఆరబెట్టి, నిలువుగా వేలాడదీయాలి. పెద్ద ఆస్పత్రుల్లో ముంచే పని యంత్రం చేసిపెడుతుంది గానీ, అంతకు ముందు బ్రష్షుతో తోమే పని అక్కడా మనిషిదే. ఆ ద్రావణం ఆవిరికి కళ్లు మండుతాయి. గాలి సరిగా ఆడని గదిలో ఏళ్ల తరబడి పీల్చిన వారికి ఆస్తమా రావచ్చు.

పైకి తళతళలాడేదల్లా శుభ్రం కాదని ఢిల్లీకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1955 వరదల తర్వాత యమున దారి మళ్లి, నజఫ్‌గఢ్ నాలా మురుగు వజీరాబాద్ దగ్గర తాగునీరు తోడే చోటికి చేరింది. అధికారులు క్లోరిన్ మోతాదు పెంచారు. టైఫాయిడ్ పెరగకపోవడంతో నీళ్లు బాగున్నట్టే అనిపించింది. కానీ ఆ డిసెంబరు, జనవరి నెలల్లో దాదాపు 29 వేల మందికి కామెర్లు సోకాయి. బాక్టీరియాను చంపిన క్లోరిన్‌ను తట్టుకుని వచ్చిన వైరస్‌ను తర్వాతి దశాబ్దాల్లో హెపటైటిస్-ఇగా గుర్తించారు.

ఎండోస్కోపు విషయంలోనూ ఇలాంటి పాఠాలున్నాయి. కొలనోస్కోపీ వల్ల ఇద్దరికి హెపటైటిస్-సి సోకిన ఉదంతాన్ని ఫ్రెంచి వైద్యులు 1997లో ప్రచురించారు. అక్కడ బయటపడిన లోపాల్లో ఒకటి, లోపలి దారిని బ్రష్షుతో తోమకపోవడం. 2015లో లాస్ ఏంజెలిస్‌లోని ప్రఖ్యాత యూసీఎల్‌ఏ ఆస్పత్రిలో పైత్యరస నాళాలను పరీక్షించే డ్యూడినోస్కోపుల ద్వారా మొండి బాక్టీరియా ఏడుగురికి సోకింది. అక్కడ తప్పు కడిగినవారిది కాదు. తయారీదారు చెప్పినట్టు కడిగినా మురికి దాక్కునేలా ఆ పరికరం కొస నిర్మాణమే ఉందని తేలింది. నిబంధనలన్నీ పాటించే చోటే ఇంత ఉంటే, వాటిని కుదించుకునే చోట ఏమవుతుంది?

కుదించుకోవడం ఎలా జరుగుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఒక క్లినిక్‌లో మూడు స్కోపులున్నాయనుకుందాం. పరీక్షకు పది నిమిషాలు, కడిగి ముంచి ఆరబెట్టడానికి నలభై నిమిషాలు. అంటే ఒక్కో స్కోపు గంటకు ఒక్క రోగికి మించి పెద్దగా పనికిరాదు. నాలుగు గంటల్లో మూడు స్కోపులతో 14, 15 పరీక్షలు సాధ్యం. పొద్దున్నే అపాయింట్‌మెంట్ పుస్తకంలో 25 పేర్లుంటే మిగతా పదిమందికి సమయం ఎక్కడిది? డాక్టరు చేతి వేగం పెరగదు, రసాయనం తొందరపడదు. కోత పడేది సింకు దగ్గరే. అక్కడ 20 నిమిషాలు పదైతే చూసేవారుండరు. 'ఇంకా కాలేదు సార్, ఆగాలి' అని చెప్పాల్సింది ఆ గదిలో అందరికన్నా తక్కువ జీతగాడు. వినాల్సింది అతనికి ఉద్యోగమిచ్చినవారు. రోగి భద్రత ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంది.

ఆ మాట అనగల ధైర్యం శిక్షణ నుంచి, గుర్తింపు నుంచి వస్తుంది. మన దేశంలో ఈ పనివారికి దేశమంతటికీ వర్తించే చట్టబద్ధమైన గుర్తింపు దక్కింది 2021లో. ఆ ఏడాది పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఎండోస్కోపీ టెక్నీషియన్లను తన జాబితాలో చేర్చింది. అనుబంధ ఆరోగ్య వృత్తినిపుణులకు కనీసం 2,000 గంటల చదువు ఉండాలంది. రాష్ట్రాలు ఆరు నెలల్లో మండళ్లు ఏర్పాటు చేయాలంది. అవి ఎంత చురుగ్గా కదిలాయంటే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని చట్టాన్ని అమలు చేయడానికి రెండు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. చూసి నేర్చుకుని పనిలో కుదురుకున్నవారు ఇకముందు చదివి, నమోదై, పేరున్న వృత్తివారు కావాలన్నది చట్టం ఉద్దేశం. అది కాగితం దాటితేనే ఆ వాక్యానికి బలం.

జీర్ణకోశ వైద్యంలో మనవాళ్లు సాధించింది తక్కువేమీ కాదు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఎండోస్కోపీలో ఆయన కృషికి అవి న్యాయమైన గౌరవాలే. కానీ ఏ నిపుణుడి చేతికైనా స్కోపు వచ్చేది సింకు దగ్గరి నుంచే.

ఢిల్లీలోనైనా, గుంటూరులోనైనా ఎండోస్కోపీకి వెళ్లేవారు డాక్టరు అనుభవం గురించి వాకబు చేస్తారు, ఫీజు బేరమాడతారు. ఇంకో మూడు ప్రశ్నలు కూడా అడగవచ్చు. ఇక్కడ స్కోపులెన్ని? వాటిని కడిగేవారు ఎక్కడ శిక్షణ పొందారు? ఏ స్కోపును ఎప్పుడు, ఎవరు, ఎంతసేపు శుభ్రపరిచారో రాసే రిజిస్టరు ఉందా? మంచి క్లినిక్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు. మరో సంగతి, ఈ ప్రశ్నలు రోగులు తరచూ అడుగుతుంటే, లోపలి గదిలో 'ఇంకా కాలేదు సార్' అనే మనిషి ఒంటరివాడు కాడు.