క్రైస్తవ స్వాతంత్ర్యము – దాని యనుదిన పరీక్ష

స్వాతంత్ర్యమను మాట వినగానే మనలో ననేకులు “నా యిష్టము నాది” యను నర్థమునే గ్రహింతురు. మఱికొందఱు, భక్తిగలవారు సైతము, విధినిషేధములను లెక్కించుచు భయముతో బ్రదుకుటయే మతమని తలంతురు. గలతీయ సంఘములకు వ్రాసిన పత్రికయందు పౌలు ఈ రెండు త్రోవలను నిరాకరించెను. క్రీస్తు విడిపించినవాడు మరల దాసుడు కారాదు. ఆ విడుదలను దురాశలకు సాకుగా జేసికొననురాదు. ప్రేమచేత పొరుగువానికి సేవకుడు కావలెను. ఆతని బోధకు సారమిదియే.

అంతర్వేదిలోనున్న మనకు దీనిని బోధపఱచుటకు గోదావరియే చాలును. సర్ ఆర్థరు కాటను ధవళేశ్వరమున కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. అంతకు పూర్వము నదికి అడ్డు లేకుండెను. ఒకయేడు పొలములను ముంచుచు, మఱియొకయేడు చేలెండుచుండగనే సముద్రమున గలియుచుండెను. గట్లమధ్య నడచిన నీరే కోనసీమకు అన్నము పెట్టినది. నేడు నూతన బ్యారేజి ఆ పని చేయుచున్నది.

కాని గట్లు మాత్రమే చాలవు. మన ప్రాంతము కాలువలకు శివారు. ఎగువ రైతు తన వంతునకు మించి నీరు మలపుకొన్నచో దిగువ చేను ఎండును. రాత్రివేళ తూము తెరచు శక్తి ఆతనికి గలదు, చూచువాడు లేడు. లస్కరునకు భయపడి మానినవాడు, లస్కరు అటు తిరుగగానే తెరచును. దిగువనున్న సోదరుని తలంచి చేయి వెనుకకు దీసికొన్నవాడే నిజముగా స్వతంత్రుడు.

సఖినేటిపల్లి రేవున పంటు ఎక్కి దాటినచో కనబడు నరసాపురము ఇట్టి స్వాతంత్ర్యమునకు సాక్షి. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ పిలుపు విని, 1836లో ఇంగ్లండునందలి బార్నస్టేపుల్ పట్టణమునుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అనువారు భార్యలతో బయలుదేరి మనదేశమునకు వచ్చిరి. నిర్ణీతమైన జీతమిచ్చు సంఘమేదియు వారి వెనుక లేదు. ఎవరును వారిని నిర్బంధింపలేదు. అయినను తెలుగు నేర్చి ఈ డెల్టాయందు పాటుపడిరి. విడుదల పొందినవాడు పని మానుకొనడు. ఇచ్ఛాపూర్వకముగా పనిలోనికి దిగును.

విద్యార్థులారా, ఈ స్వాతంత్ర్యము మీ పరీక్షాగదిలోనే పరీక్షింపబడును. ఉపాధ్యాయుడు వెలుపలికేగినప్పుడు ప్రక్కవాని కాగితమువైపు మీ కన్ను పోవునా? రాత్రి ఒంటరిగానున్నప్పుడు చేతిలోని సెల్‌ఫోనును క్రింద పెట్టగలరా? “నాకు స్వేచ్ఛ గల”దని పలుకుచు దానిని విడువలేనివాడు దానికి బానిసయే.

తలిదండ్రులారా, “నలుగురేమనుకొందురో” యను భయము మన యిండ్లలో మిగిలిన గట్టి సంకెల. వరకట్నమును చట్టము 1961లోనే నిషేధించినది. అయినను ప్రార్థనతో నారంభమగు పెండ్లిమాటలు కట్నముతో ముగియుట వినుచునే యున్నాము. గొప్పకొఱకు అప్పు తెచ్చి విందుచేసి, ఏండ్లతరబడి వడ్డీ కట్టువాడు స్వతంత్రుడగునా? ఆదివారమున ప్రభువు బల్లయొద్ద కలిసి కూర్చుండి, సోమవారమున సంబంధము చూచునప్పుడు కులమడుగుదుమేని, మనకు తెగిన బంధమేది? కట్నము వలదని నలుగురియెదుట పలుకు తండ్రి ఒక్కడు ఈ గ్రామమునకు చేయు మేలు పది ప్రసంగములు చేయజాలవు.

ఉపాధ్యాయులకును ఇందు పాఠము గలదు. బెదిరింపునకు అణగియున్న తరగతి క్రమశిక్షణ గలది కాదు. తప్పుచేసిన బాలుడు భయములేక నిజము చెప్పగల తరగతియే స్వాతంత్ర్యమునకు బడి.

తుదకు, మాఘమాసమున శ్రీ లక్ష్మీనరసింహస్వామి కల్యాణోత్సవమునకు వేలకొలది యాత్రికులు మన వీధుల నడతురు. దప్పిగొన్నవానికి నీళ్లిచ్చుటవలనను, దారి తప్పిన వృద్ధురాలికి దారి చూపుటవలనను మన విశ్వాసమునకు కొఱత రాదు. తన రక్షకుని నమ్మినవానికి పొరుగువాని భక్తివలన భయమేల?

కావున స్వాతంత్ర్యమును గూర్చి పాడుట, ప్రసంగించుట మంచిదే. కాని ఎవరును చూడనిచోట నిజాయితీయు, అందఱును చూచుచోట ధైర్యమును, బలహీనుని యెదుట సేవయు మనయందు కనబడనిచో ఆ పాట వట్టి ధ్వనియే. ఈ సంవత్సరము మన పాఠశాలనుండి వెడలు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఈ మూడింటిని తమవెంట గొనిపోవుదురు గాక.