లైవ్ సైటును నేరుగా దిద్దే అలవాటు మానాలి

వెబ్‌సైటు పని మూడు సర్వర్ల మీద జరగాలి. కోడ్ రాసేవారి కంప్యూటర్‌లోనే నడిచేది లోకల్ సర్వర్. రాసినదాన్ని జనం కంట పడకముందు పరీక్షించేది టెస్టింగ్ సర్వర్. కంపెనీల్లో దీన్నే స్టేజింగ్ అంటారు. జనం చూసేది రిమోట్ సర్వర్, వాడుకలో లైవ్. మార్పు చిన్నదైనా పెద్దదైనా ఈ వరసలోనే వెళ్లాలి. కాని కాలేజీలు, ఆస్పత్రులు, సహకార సంఘాలు, దుకాణాలు తక్కువ ఖర్చులో చేయించుకునే సైట్లకు తరచుగా మూడోది ఒక్కటే ఉంటుంది. హోస్టింగ్ ప్యానెల్‌లో ఫైల్ మేనేజర్ తెరిచి, నడుస్తున్న ఫైలునే దిద్ది సేవ్ నొక్కితే పని అయిపోయినట్టే లెక్క. పీహెచ్‌పీ భాషలో రాసిన ఫైలులో ఒక సెమీకోలన్ జారినా ఆ క్షణం నుంచి పేజీ తెల్లకాగితమే. అది అడ్మిషన్లకు చివరి రోజు కావచ్చు. ఈ పద్ధతి పోవాలంటే డెవలపర్ల మంచితనానికి వదిలేస్తే కుదరదు. సైటుకు డబ్బు పెట్టే సంస్థలే ఒప్పందంలో రాయించి మాన్పించాలి.

లోకల్ సర్వర్‌కు పైసా ఖర్చు లేదు. అపాచీ ఫ్రెండ్స్ 2002 నుంచి ఉచితంగా ఇస్తున్న జాంప్‌ను ఇన్‌స్టాల్ చేస్తే అపాచీ వెబ్ సర్వర్, మరియాడీబీ డేటాబేస్, పీహెచ్‌పీ కలిసే వస్తాయి. సైటు ఫైళ్లను హెచ్‌టీడాక్స్ ఫోల్డర్‌లో ఉంచి బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని కొడితే చాలు, ఇంటర్నెట్ లేకున్నా సైటు తెరుచుకుంటుంది. అపాచీ స్టార్ట్ కాకపోతే 80వ పోర్టును మరో ప్రోగ్రామ్ పట్టుకుని ఉందేమో చూడాలి, 8080కి మార్చుకోవచ్చు. జాగ్రత్త పడాల్సింది వెర్షన్ల దగ్గర. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ను వాడే పాత ఫంక్షన్లను 2015 చివర్లో వచ్చిన పీహెచ్‌పీ 7లో తీసేశారు. లోకల్‌లో పాత వెర్షన్, హోస్టింగ్‌లో కొత్తది ఉంటే ఇక్కడ చక్కగా నడిచిన లాగిన్ పేజీ అక్కడ మొరాయిస్తుంది.

"నా సిస్టమ్‌లో పనిచేస్తోంది కదా" అనే జవాబు ఇలాంటి తేడాల్లోంచే పుడుతుంది. అందుకే టెస్టింగ్ సర్వర్ లైవ్‌కు అచ్చు నకలుగా ఉండాలి: అదే లినక్స్, అదే పీహెచ్‌పీ వెర్షన్, అవే సెట్టింగులు. విండోస్‌కు ఫైలు పేర్లలో ఇంగ్లిష్ పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా పట్టదు, లినక్స్‌కు పడుతుంది. ఫోటో పేరు చివర జేపీజీ పెద్ద అక్షరాల్లో, కోడ్‌లో చిన్న అక్షరాల్లో ఉంటే, డెవలపర్ ల్యాప్‌టాప్‌లో కనిపించిన బొమ్మ లైవ్‌లో కనిపించదు.

తెలుగు సైట్లకు ఇంకో గండం ఉంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు పడతాయి. "శ్రీ" కంటికి ఒక్క అక్షరమే. కంప్యూటర్‌కు మాత్రం శకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం అనే 4 సంకేతాలు, అంటే 12 బైట్లు. మైఎస్‌క్యూఎల్ 2018లో వచ్చిన 8.0 వెర్షన్ వరకు, ఎవరూ మార్చకపోతే తెలుగుకు చోటులేని లాటిన్-1 పద్ధతిలోనే పట్టికలు తయారుచేసేది. అలాంటి పట్టికలో తెలుగు పేరు చేరిస్తే సెట్టింగును బట్టి ఎర్రర్ అయినా వస్తుంది, "శ్రీ" స్థానంలో నాలుగు ప్రశ్నార్థకాలైనా పడతాయి. ఎర్రర్ రావడమే మేలు, ఎందుకంటే ప్రశ్నార్థకాలుగా చేరిన పేరును ఎవరూ తిరిగి రాబట్టలేరు. గడియారమూ అంతే. చాలా సర్వర్లు అంతర్జాతీయ ప్రామాణిక సమయం మీద నడుస్తాయి. మన టైముకు మార్చకపోతే అర్ధరాత్రి ముగియాల్సిన దరఖాస్తు గడువు తెల్లవారి 5:30 దాకా సాగుతుంది.

టెస్టింగ్‌లో అసలు మనుషుల వివరాలు వాడకూడదు. విద్యార్థుల ఫోన్ నంబర్లు, రోగుల వివరాలు ఉన్న లైవ్ డేటాబేస్‌ను ఉన్నదున్నట్టు అక్కడికి కాపీ చేయడం ప్రమాదం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. కల్పిత పేర్లతో పని జరుగుతుంది. ఎస్ఎంఎస్‌లు, మెయిళ్లు బయటికి పోకుండా కట్టేయాలి, లేకుంటే పరీక్ష కోసం పంపిన "మీ ఫీజు బకాయి" తల్లిదండ్రుల ఫోన్లలో మోగుతుంది. చెల్లింపుల గేట్‌వేకు టెస్ట్ మోడ్ కీలే వాడాలి. గూగుల్‌కు కనబడవద్దని రోబోట్స్ ఫైలు పెట్టి ఊరుకుంటారు కొందరు. అది విన్నపమే తప్ప అడ్డుగోడ కాదు. సైటు ముందు పాస్‌వర్డ్ ఉండి తీరాలి.

పరీక్ష అయ్యాక లైవ్‌కు ఎక్కించడం. 1985లో ప్రమాణంగా స్థిరపడిన ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్‌ను దాపరికం లేకుండా పంపుతుంది. దాని బదులు 22వ పోర్టు మీద నడిచే ఎస్ఎఫ్‌టీపీ వాడాలి. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రాసిన గిట్ వాడితే ఏ ఫైలును ఎవరు ఎప్పుడు మార్చారో తెలుస్తుంది, తేడా వస్తే పాత రూపానికి వెంటనే మరలవచ్చు. కోడ్ లోకల్ నుంచి లైవ్ వైపే వెళ్లాలి. డేటాబేస్‌ను మాత్రం అలా పైకి తోయకూడదు. తోస్తే ఈలోగా జనం నింపిన దరఖాస్తులన్నీ చెరిగిపోతాయి. సర్వర్లు ఒకటికి మించి ఉన్నప్పుడు అన్నిటికీ కోడ్ చేరిందో లేదో చూడటం కూడా ఇందులో భాగమే. 2012 ఆగస్టు 1న అమెరికాలోని షేర్ల వ్యాపార సంస్థ నైట్ క్యాపిటల్ తన 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ వేయడం మరిచింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లు పోయాయి.

టెస్టింగ్ సర్వర్ దండగ అనేవారికి, గిట్ కోడ్‌ను ఆన్‌లైన్‌లో భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థ అనుభవం జవాబు. 2017 జనవరి 31న అక్కడి ఇంజినీరు ఒకరు వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్‌నే తుడిచేశారు. బ్యాకప్ ఏర్పాట్లు అన్నీ ఉన్నాయనుకుంటే, అక్కరకు వచ్చేసరికి ఒక్కొక్కటే చెయ్యిచ్చాయి. చివరికి ఆదుకున్నది స్టేజింగ్ కోసం 6 గంటల ముందు తీసిన నకలు.

ఖర్చు మాట కూడా నిలవదు. ఉన్న హోస్టింగ్‌లోనే ఒక సబ్‌డొమైన్, విడిగా ఒక డేటాబేస్ పెట్టుకుంటే చిన్న సైటుకు టెస్టింగ్ సర్వర్ వచ్చినట్టే. దానికి హెచ్‌టీటీపీఎస్ భద్రత ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం. పెద్ద సంస్థలు మాత్రం వేరే సర్వర్ తీసుకోవాలి. ఒకే ఖాతాలో ఉంటే పరీక్షలో అదుపు తప్పిన ప్రోగ్రామ్ లైవ్‌నూ కుంగదీస్తుంది.

ఒప్పందంలో ఈ మాటలు రాయించుకోవాలి: టెస్టింగ్, లైవ్ సర్వర్ల చిరునామాలు, డొమైన్ రిజిస్ట్రేషన్, పాస్‌వర్డులు సంస్థ పేరనే ఉంటాయి, టెస్టింగ్‌లో సంస్థ మనిషి చూసి సరేనన్నాకే మార్పు లైవ్‌కు వెళ్తుంది, అత్యవసరంగా లైవ్‌లో దిద్దాల్సి వస్తే అదే రోజు ఆ మార్పును గిట్‌లోకీ చేరుస్తారు. నిర్వహణ బిల్లు విషయంలోనూ ఒక షరతు ఉండాలి: ప్రతి త్రైమాసికంలో లైవ్ బ్యాకప్‌ను ఖాళీ సర్వర్ మీద ఎక్కించి, సైటు తెరిచి చూపి, ఆ వెంటనే చెరిపేశాకే ఆ త్రైమాసికం డబ్బు చెల్లించాలి.